మీ సెల్ ఏ మెట్టు మీద ఉంది?

మీరు ఫ్యాక్టరీలో సెల్ లీడరో, సూపర్‌వైజరో, ప్రొడక్షన్ మేనేజరో అయితే ఈ అధ్యాయం మీ కోసమే. రెండు మూడేళ్ల కిందట మీ కంపెనీలో లీన్ మొదలుపెట్టి ఉంటారు. మిషన్లను జరిపి యూ ఆకారంలో పెట్టారు. నేల మీద పసుపు గీతలు గీశారు. బోర్డులు వేలాడదీశారు. ట్రైనింగులయ్యాయి, గ్రూప్ ఫొటోలు దిగారు. ఇవాళ ఎండీ గారు వచ్చి "మన సెల్ ఎలా ఉందయ్యా?" అని అడిగితే ఏం చెబుతారు?

"బాగానే నడుస్తోంది సార్."

ఎంత బాగా? పోయినేడాది కంటే బాగానా? పక్క సెల్ కంటే బాగానా? సీనియర్ ఆపరేటర్ కూతురి పెళ్లికని వారం రోజులు సెలవు పెట్టినా ఇంతే బాగా నడుస్తుందా? ఈ ప్రశ్నలకు జవాబు తడుముకుంటున్నారంటే మీ సెల్ ఎంత ఎదిగిందో మీరింకా కొలవలేదని అర్థం. కొలవనిదాన్ని బాగుచేయలేం. పైగా, ఎదిగిందనుకుంటూనే ఏళ్ల తరబడి ఒకేచోట ఉండిపోతాం.

నా మాట ముందే చెప్పేస్తాను. సెల్ పరిణతి, అంతా సజావుగా సాగే గంటలో బయటపడదు. టూల్ విరిగినప్పుడు, మనిషి రానప్పుడు, మెటీరియల్ ఆలస్యమైనప్పుడు ఆ సెల్ ఏం చేస్తుందో అందులోనే దాని అసలు స్థాయి కనబడుతుంది. ఈ అధ్యాయంలోని ప్రతి పరీక్షా ఆ ఇబ్బంది గంటను చూడటం కోసమే.

ముందు అయిదు మెట్లు

ఒకే తరహా జాబ్‌లకు కావలసిన మిషన్లన్నీ పని వరసలో దగ్గర దగ్గరగా పెట్టి, ఒక చిన్న జట్టు మొదటి ఆపరేషన్ నుంచి చివరిదాకా చేసే చోటే సెల్. లేత్‌లన్నీ ఒక మూల, డ్రిల్లింగ్ మిషన్లన్నీ ఇంకో మూల, మధ్యలో ట్రాలీల పరుగులు ఉండే పాత పద్ధతికి ఇది పూర్తిగా వేరు. మిషన్లు జరపడంతో సెల్ పుడుతుంది. ఆ తర్వాత అది మెట్టు మెట్టుగా ఎదగాలి.

మెట్టు 1: మనుషుల మీద నడిచే సెల్. ఒకరిద్దరు గట్టి ఆపరేటర్లు ఉంటే అవుట్‌పుట్ ఉంటుంది, లేకపోతే లేదు. రాసి పెట్టింది ఏమీ ఉండదు.

మెట్టు 2: రూపం వచ్చిన సెల్. గీతలు, బోర్డులు, ఫైవ్ ఎస్ లేబుళ్లు అన్నీ ఉంటాయి. కానీ పని జరిగే తీరు పాతదే. పైన పటారం, లోన లొటారం.

మెట్టు 3: పద్ధతి ప్రకారం నడిచే సెల్. రాసుకున్న వరసలోనే చేతులు కదులుతాయి. ఏ షిఫ్ట్‌లో చూసినా పని ఒకేలా ఉంటుంది.

మెట్టు 4: సమస్యను పట్టుకునే సెల్. తేడా రాగానే ఆగుతుంది, పిలుస్తుంది, జవాబు వస్తుంది. చెడ్డ జాబ్ తర్వాతి టేబుల్‌కు వెళ్లదు.

మెట్టు 5: తనను తాను దిద్దుకునే సెల్. వచ్చిన సమస్య మళ్లీ రాకుండా జట్టే కారణం వెతికి, పద్ధతి మార్చి, కొత్త పద్ధతిని రాసుకుంటుంది.

మన దగ్గర చాలా సెల్‌లు రెండో మెట్టు మీదే ఉండి, నాలుగో మెట్టు మీద ఉన్నామనుకుంటాయి. అది ఎవరి తప్పూ కాదు. రూపం కంటికి కనబడుతుంది, పద్ధతి కనబడదు. కనబడనిదాన్ని చూడటం ఎలాగో ఇప్పుడు నేర్చుకుందాం.

ఏడు పరీక్షలు

1. ముందు టాక్ట్ టైమ్ లెక్క వేయండి.

కస్టమర్‌కు ఎంత సేపటికొక జాబ్ కావాలో చెప్పే లెక్క ఇది. షిఫ్ట్ 480 నిమిషాలు. భోజనానికి 30, రెండు టీలకు చెరి 10 తీసేస్తే మిగిలేది 430. షిఫ్ట్‌కు 215 జాబ్‌లు కావాలంటే 430ని 215తో భాగించండి. 2 నిమిషాలు, అంటే 120 సెకన్లు. ప్రతి 120 సెకన్లకూ ఒక మంచి జాబ్ సెల్ నుంచి బయటికి రావాలి.

ఇప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి ఆపరేటర్ దగ్గరా పది సైకిళ్లు కొలవండి. నలుగురున్న సెల్‌లో ఈ అంకెలు వచ్చాయనుకుందాం: 95, 118, 135, 52 సెకన్లు. ఏం కనబడుతోంది? మూడో టేబుల్ టాక్ట్ దాటిపోయింది. 430 నిమిషాల్లో అక్కడి నుంచి 191 జాబ్‌లకు మించి రావు. మిగతా 24 కోసం దాదాపు గంట ఓవర్‌టైమ్. అదే సమయంలో నాలుగో ఆపరేటర్ ప్రతి జాబ్‌కూ నిమిషం పైగా చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు.

మూడో టేబుల్ దగ్గర చేసే డీబర్రింగ్‌లో 20 సెకన్ల పనిని నాలుగో టేబుల్‌కు ఇచ్చి చూడండి. 135 కాస్తా 115 అవుతుంది, 52 కాస్తా 72 అవుతుంది. కొత్త మిషన్ కొనలేదు, కొత్త మనిషిని పెట్టలేదు. ఆ గంట ఓవర్‌టైమ్‌కు కారణం పోయింది. మూడో టేబుల్ ఆపరేటర్ సాయంత్రం వేళకు ఇంటికి చేరతాడు.

సెల్‌లో నిలబడి ఎవరినైనా "మన టాక్ట్ ఎంత?" అని అడగండి. లీడర్‌కు కూడా తెలియకపోతే మెట్టు 1. బోర్డు మీద ఉండి, పోయినేడాది ఆర్డర్ నాటి అంకె అయితే మెట్టు 2. ఆర్డర్ మారినప్పుడల్లా టాక్ట్ మారుతూ, దాన్ని బట్టి మనుషుల పని పంపకం మారుతుంటే మెట్టు 4కు తక్కువ ఇవ్వకండి.

2. ఒక గంట కదలకుండా నిలబడండి.

టొయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తయిచి ఓనో, ఇంజినీర్లను షాప్ ఫ్లోర్ మీద సుద్దముక్కతో గీసిన వలయంలో నిలబెట్టి గంటల తరబడి చూడమనేవాడని ప్రసిద్ధి. మీరు గంటసేపు నిలబడితే చాలు. ఫోన్ జేబులో పెట్టండి, చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. ఎవరికీ ఏమీ చెప్పొద్దు, సరిచేయొద్దు. చూసింది రాసుకోండి.

గేజ్ కోసం ఎవరు ఎన్ని అడుగులు నడిచారు? బిన్ ఖాళీ అయ్యాక కొత్తది రావడానికి ఎంతసేపు పట్టింది? జాబ్‌ను ఎన్నిసార్లు ఎత్తి దించారు? ఎవరు ఎవరి కోసం ఎదురుచూశారు? మొదటి పావుగంటలో మీకు "అంతా బాగానే ఉంది" అనిపిస్తుంది. మీరు నిలబడ్డారని అందరూ కాస్త చురుగ్గా కదులుతారు. అరగంట దాటాక మిమ్మల్ని మరిచిపోతారు. అసలు పని అప్పుడు కనబడుతుంది. మధ్యలో వెళ్లిపోకండి.

3. సెల్‌లో ఉన్న జాబ్‌లు లెక్కపెట్టండి.

టేబుళ్ల మీద, బిన్‌లలో, మిషన్ పక్కన, కింద అట్టపెట్టెలో ఉన్నవన్నీ లెక్కపెట్టండి. 60 వచ్చాయనుకోండి. 2 నిమిషాలకొకటి బయటికి వస్తోందంటే, ఇప్పుడు లోపలికి వెళ్లిన జాబ్ బయటికి రావడానికి 120 నిమిషాలు పడుతుంది. దాని మీద నిజంగా జరిగే పని ఎంత? పై లెక్క ప్రకారం నాలుగు టేబుళ్లూ కలిపి 400 సెకన్లు, ఏడు నిమిషాల లోపే. మిగతా సమయమంతా అది బిన్‌లో పడి ఉంటోంది.

"సార్, కాస్త స్టాక్ ఉంటే ధైర్యంగా ఉంటుంది" అంటారు ఆపరేటర్లు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. మిషన్ ఎప్పుడు ఆగుతుందో, మెటీరియల్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఎవరైనా దాచుకుంటారు. అందుకే స్టాక్‌ను చూసి కోప్పడకండి. ప్రతి కుప్ప దగ్గరా "ఇది దేనికి భయపడి పెట్టుకున్నారు?" అని అడగండి. ఆ జవాబులే మీరు సరిచేయాల్సిన పనుల జాబితా.

టేబుల్‌కు టేబుల్‌కు మధ్య ఎన్ని ఉండాలో నిర్ణయించి, అన్నిటికే చోటు పెట్టి, ఆ చోటు నిండితే వెనక టేబుల్ ఆగిపోతోందా? అయితే మెట్టు 3 దాటారు. హద్దు గీత గీసి, ఆ గీత మీదే బిన్‌లు పేరుస్తుంటే మెట్టు 2.

4. కాగితానికీ చేతులకూ ఎంత దూరం ఉందో చూడండి.

గోడ మీది స్టాండర్డ్ వర్క్ షీట్ తీసుకుని ఆపరేటర్ పక్కన నిలబడండి. షీట్‌లో మూడో అంచె 'గేజ్‌తో కొలవాలి' అని ఉంది. ఆయన ప్రతి జాబ్‌కూ కొలుస్తున్నాడా, పదింటికొకటా? ఫిక్చర్ బిగించే ముందు చిప్స్ ఊదేయమని ఉంది. ఊదుతున్నాడా?

తేడా కనబడితే ఆపరేటర్‌ను తప్పుపట్టే ముందు ఒక్క మాట అడగండి: "అన్నా, ఇది ఇలా చేయడమే సులువా?" చాలాసార్లు ఆయన పద్ధతే మెరుగ్గా ఉంటుంది. అప్పుడు మార్చాల్సింది కాగితాన్ని. కొన్నిసార్లు గేజ్ అందేచోట ఉండదు. అప్పుడు మార్చాల్సింది గేజ్ ఉండే చోటును. నిజంగా శిక్షణ లోపం అయితే నేర్పించండి.

షీట్ కింద ఉన్న తేదీ కూడా చూడండి. రెండేళ్లుగా ఒక్క అక్షరమూ మారలేదంటే ఆ సెల్‌లో రెండేళ్లుగా ఎవరూ ఏమీ నేర్చుకోలేదని అనుకోవాలి. అది ఆడిటర్ కోసం పెట్టిన కాగితం.

5. పోయిన వారం ఎన్నిసార్లు ఆపారో అడగండి.

ఇదే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. సాకిచి టొయోడా 1924లో పూర్తిచేసిన ఆటోమేటిక్ మగ్గం, నూలు పోగు తెగగానే దానంతట అదే ఆగిపోయేది. చెడ్డ బట్ట నేయడం కంటే ఆగడమే మేలన్న ఆ ఆలోచన మీదే తర్వాత టొయోటా కార్ల ఫ్యాక్టరీ నిలబడింది. తేడా కనబడితే ఆపరేటర్ తాడు లాగుతాడు, దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు. ఆ దీపాల బోర్డునే ఆండన్ అంటారు.

మీ సెల్‌లోనూ ఎర్ర బటన్ ఉండే ఉంటుంది. పోయిన వారం దాన్ని ఎన్నిసార్లు నొక్కారు? "ఒక్కసారి కూడా లేదు సార్" అని గర్వంగా చెబితే సంతోషించకండి. సమస్యలు లేని సెల్ ఎక్కడా ఉండదు. నొక్కితే ఏమవుతుందో అన్న భయమైనా ఉండాలి, నొక్కినా ఎవరూ రారన్న నిరాశైనా ఉండాలి.

మీరే ఒకసారి చూడండి. బటన్ నొక్కాక మెయింటెనెన్స్ మనిషో, క్వాలిటీ మనిషో రావడానికి ఎంతసేపు పట్టింది? వచ్చాక మొదటి మాట ఏమిటి? "ఏమైంది, చూద్దాం పద" అన్నారా, "మళ్లీ ఏం చేశావ్?" అన్నారా? రెండో మాట వినబడిన చోట ఎంత ఖరీదైన దీపాలు పెట్టినా ఆ సెల్ మూడో మెట్టు దాటదు.

తప్పును పట్టుకోవడం ఎంత ముఖ్యమో తప్పు జరగకుండా చేయడం అంతకన్నా ముఖ్యం. జపాన్ ఇంజినీర్ షిగియో షింగో 1961లో యమదా ఎలక్ట్రిక్ అనే కంపెనీలో చూసిన సమస్య చాలా చిన్నది. చిన్న స్విచ్‌లో రెండు స్ప్రింగులు పెట్టాలి. అప్పుడప్పుడు ఒకటి పెట్టడం మరిచిపోయేవారు. జాగ్రత్తగా ఉండమని చెప్పినప్పుడల్లా కొన్నాళ్లు బాగుండి, మళ్లీ మొదటికొచ్చేది. పరిష్కారం ఒక చిన్న పళ్లెం. మొదట పెట్టెలోంచి రెండు స్ప్రింగులు తీసి పళ్లెంలో పెట్టాలి, తర్వాత పళ్లెంలోంచి తీసి స్విచ్‌లో పెట్టాలి. పళ్లెంలో ఒకటి మిగిలిందంటే మరిచిపోయినట్టే, అప్పటికప్పుడే తెలుస్తుంది. మీ సెల్‌లో ఇలాంటి 'పళ్లేలు' ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. "జాగ్రత్తగా చేయండి" అన్న నోటీసులు ఎన్ని ఉన్నాయో కూడా లెక్కపెట్టండి. ఏవి ఎక్కువున్నాయి?

మరో లెక్క. ఆఖరి ఇన్‌స్పెక్షన్‌లో రిజెక్షన్ సున్నా అని మురిసిపోకండి. అయిదు ఆపరేషన్లున్న సెల్‌లో ప్రతి ఆపరేషన్‌లోనూ 98 శాతం మొదటిసారే సరిగ్గా వస్తున్నాయనుకుందాం. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా రీవర్క్ లేకుండా వచ్చేవి సుమారు 90 శాతమే. వందలో పదింటిని ఎవరో ఎక్కడో మళ్లీ చేత్తో పట్టుకున్నారు. ఆ కష్టం ఏ రిపోర్టులోనూ లేదు.

6. సెట్టింగ్ మార్పును మొదటి నుంచి చివరిదాకా చూడండి.

పాత జాబ్‌లో ఆఖరి మంచి పీస్ వచ్చిన క్షణం నుంచి కొత్త జాబ్‌లో మొదటి మంచి పీస్ వచ్చే క్షణం దాకా కొలవాలి. చాలామంది మిషన్ తిరగడం మొదలవగానే స్టాప్‌వాచ్ ఆపేస్తారు. తర్వాత ట్రయల్ పీసులు, అడ్జస్ట్‌మెంట్లు, క్వాలిటీ అప్రూవల్ కోసం ఎదురుచూపులు లెక్కలోకి రావు. అసలు సమయం అక్కడే పోతుంది.

1969లో టొయోటాలో 1000 టన్నుల ప్రెస్ మీద డై మార్చడానికి నాలుగు గంటలు పట్టేది. షింగో బృందం దాన్ని గంటన్నరకు తగ్గించింది. అది చాలదు, 3 నిమిషాలకు తేవాలంది యాజమాన్యం. తెచ్చారు. కిటుకు ఒక్కటే: మిషన్ ఆగి ఉన్నప్పుడే చేయాల్సిన పని ఏది, తిరుగుతుండగానే సిద్ధం చేసుకోగల పని ఏది అని విడదీయడం. మీ సెట్టింగ్ చూస్తుంటే ఈ ప్రశ్న మనసులో పెట్టుకోండి. మిషన్ ఆపాక స్పానర్ కోసం టూల్ రూమ్‌కు ఎవరైనా వెళ్లారా? వెళితే ఆ సెల్‌లో సెట్టింగ్‌కు మెట్టు 1 ఇవ్వండి, మొహమాటం వద్దు.

7. మనుషుల పట్టికను చదవండి.

ఎవరికి ఏ పని వచ్చో చూపే స్కిల్ మ్యాట్రిక్స్ గోడ మీద ఉంటుంది. ప్రతి పనికీ కనీసం ముగ్గురు, ప్రతి మనిషికీ కనీసం మూడు పనులు అన్నది మంచి కొలత. కానీ పట్టికలో నిండిన గుండ్రాలను అలాగే నమ్మేయకండి. "ఈ పని నీకు వచ్చని ఉంది, ఆఖరిసారి ఎప్పుడు చేశావమ్మా?" అని అడగండి. ఆరు నెలల కిందట అంటే ఆ గుండ్రం ఖాళీ కిందే లెక్క.

ఇంకో విషయం మన ఫ్యాక్టరీల్లో తప్పక చూడాలి. కాంట్రాక్ట్ వర్కర్ల పేర్లు ఆ పట్టికలో ఉన్నాయా? చాలాచోట్ల సెల్‌లో సగం పని వాళ్లే చేస్తారు, పట్టికలో పర్మినెంటు వాళ్ల పేర్లే ఉంటాయి. కొన్ని నెలలకోసారి మనిషి మారుతుంటే, కొత్తవాడికి ఎవరు నేర్పుతున్నారు? ఎన్ని రోజులు? రాత్రి షిఫ్ట్‌లో పక్కన ఎవరున్నారు? పని నేర్పకుండా మిషన్ ముందు నిలబెట్టడం అవుట్‌పుట్‌కే కాదు, వాళ్ల వేళ్లకూ ప్రమాదం. ఈ పరీక్షలో ఉదారంగా మార్కులు వేయకండి.

మార్కులు వేసే పద్ధతి

ఇప్పుడు ఏడు పరీక్షలకూ 1 నుంచి 5 దాకా మార్కులు వేయండి. నాలుగు నియమాలు పాటించండి.

* కళ్లతో చూసినదానికే మార్కు. "చేస్తుంటాం సార్" అన్నదానికి లేదు.
* అన్ని షిఫ్టుల్లోనూ చూడండి. రాత్రి రెండు గంటలప్పుడు కూడా నిలిచే పద్ధతే పద్ధతి. నెలాఖరు వారంలో ఒకసారి తప్పక చూడండి. డిస్పాచ్ ఒత్తిడిలో సెల్ ముందుగా దేన్ని వదిలేస్తుందో అప్పుడు తెలుస్తుంది.
* ఇద్దరు విడివిడిగా వేయండి. ఒకరు ఆ సెల్ మనిషి, ఒకరు వేరే సెల్ మనిషి. ఎక్కడైనా ఒకటి కంటే ఎక్కువ తేడా వస్తే ఇద్దరూ కలిసి మళ్లీ అక్కడికే వెళ్లి చూడండి.
* సగటు తీయకండి. ఏడింటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చినదే మీ సెల్ మెట్టు.

చివరి నియమం చాలామందికి నచ్చదు. "ఆరింటిలో 4 వచ్చి, ఒకదానిలో 1 వస్తే మా సెల్ మెట్టు 1 ఎలా అవుతుంది?" అంటారు. ఆ ఒక్కటీ సెట్టింగ్ అనుకోండి. సెట్టింగ్‌కు మూడు గంటలు పడితే మీరు పెద్ద పెద్ద బ్యాచ్‌లే చేస్తారు. బ్యాచ్ పెద్దదైతే స్టాక్ పెరుగుతుంది, స్టాక్ పెరిగితే సమస్యలు దాక్కుంటాయి. మిగతా ఆరు నాలుగులూ ఎన్నాళ్లో నిలవవు.

రెండు సెల్‌లు, ఒక తీర్పు

ఒక చిన్న పరీక్ష మీకు. ఒకే షెడ్‌లో రెండు సెల్‌లు ఉన్నాయి. మొదటిదాంట్లో నేల అద్దంలా ఉంది. టార్గెట్‌లో 98 శాతం వచ్చింది. నెలంతా ఎక్కడా ఆగలేదు. టేబుళ్ల మధ్య బిన్‌లు నిండుగా ఉన్నాయి. గంటగంటకూ రాయాల్సిన బోర్డు మీద అంకెలన్నీ ఒకే పెన్నుతో, ఒకే వరసలో, షిఫ్ట్ చివర ఒకేసారి రాసినట్టున్నాయి. కారణాల గడి ఖాళీ.

రెండోదాంట్లో టార్గెట్‌లో 92 శాతమే వచ్చింది. నిన్న నాలుగుసార్లు ఆపారు. బోర్డు మీద అంకెలు వేర్వేరు చేతిరాతల్లో ఉన్నాయి. పదకొండు గంటల గడిలో ఎర్ర పెన్నుతో '9 తక్కువ, డ్రిల్ బిట్ విరిగింది, రెండోసారి' అని రాసి ఉంది. దాని పక్కనే ఎవరు చూస్తున్నారో, ఎప్పటికి తేలుస్తారో రాసి ఉంది.

ఏ సెల్‌కు ఎక్కువ మార్కులు వేస్తారు?

రెండోదానికే వేయాలి. అక్కడ సమస్య పేరుతో సహా బయటికి వచ్చింది. 'రెండోసారి' అని రాశారంటే మొదటిసారి గుర్తుంది. మూడోసారి రాకుండా చూసే మనిషి ఉన్నాడు. మొదటి సెల్‌లో 98 శాతం ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. రేపు 80కి పడితే ఎందుకు పడిందో కూడా తెలియదు.

తరచూ జరిగే తప్పులు

1. ముందే చెప్పి వెళ్లడం. "సోమవారం అసెస్‌మెంట్" అంటే ఆదివారం పెయింట్ వేస్తారు. చూడటానికి వస్తామని చెప్పండి, ఏ రోజో చెప్పకండి.

2. మార్కును ఇన్సెంటివ్‌కు ముడిపెట్టడం. డబ్బు ముడిపడగానే మార్కులు పెరుగుతాయి, సెల్ ఎదగదు.

3. మార్కు చూపించి మనుషులను తిట్టడం. జ్వరం ఎక్కువ చూపించిందని థర్మామీటర్‌ను విరగ్గొట్టినట్టే. వచ్చేసారి మీకు నిజం చెప్పేవాళ్లే ఉండరు.

4. సూపర్‌వైజర్‌తో మాత్రమే మాట్లాడటం. మూడో టేబుల్ దగ్గర చెయ్యి ఎందుకు ఆగుతోందో ఆ చేతికే తెలుసు.

5. వేరే కంపెనీ చెక్‌లిస్టును దించేయడం. కార్ల కంపెనీ వాళ్ల 200 ప్రశ్నలు పాతిక మంది ఉన్న వర్క్‌షాప్‌కు సరిపోవు. ఏడు ప్రశ్నలు నిజాయితీగా అడిగితే చాలు.

6. మెట్లు దూకడం. రెండో మెట్టు మీద ఉన్న సెల్‌లో ట్యాబులు, సెన్సర్లు పెట్టి అయిదుకు ఎగరాలనుకోవడం. పద్ధతి లేని చోట సెన్సర్ ఆ గందరగోళాన్నే తెర మీద చూపిస్తుంది.

మార్కు వచ్చాక ఏం చేయాలి?

అన్నిటికన్నా తక్కువ వచ్చిన పరీక్షను ఒక్కదాన్నే తీసుకోండి. 30 రోజులు దాని మీదే పని చేయండి.

మొదటి వారం: జట్టును సెల్‌లోనే నిలబెట్టి మార్కు చూపించండి. "మనం ఇక్కడున్నాం, దీన్ని ఒక్క మెట్టు పైకి తేవాలి, మీకేం తోస్తోంది?" అని అడగండి. ఆపరేటర్ల మాటలను వాళ్ల మాటల్లోనే రాయండి.

రెండో, మూడో వారం: ఒక మార్పు చేసి చూడండి. 20 సెకన్ల పని పక్క టేబుల్‌కు మార్చడం, స్పానర్లను మిషన్ పక్కన బోర్డు మీద తగిలించడం, బటన్ నొక్కితే 3 నిమిషాల్లో మనిషి రావాలని మెయింటెనెన్స్‌తో ఒప్పందం చేసుకోవడం. ఇలా చిన్నది, రేపే మొదలుపెట్టగలిగేది అయి ఉండాలి. ముందు అంకె, తర్వాత అంకె రెండూ రాయండి.

నాలుగో వారం: ఫలితం ఉంటే స్టాండర్డ్ షీట్ మార్చండి, తేదీ వేయండి, అన్ని షిఫ్టులకూ నేర్పండి. ఫలితం లేకపోతే ఏం నేర్చుకున్నారో రాసి, రెండో ప్రయత్నం మొదలుపెట్టండి. మూడు నెలలకోసారి ఏడు పరీక్షలూ మళ్లీ చేయండి. ఏడాదిలో ఒక మెట్టు నిజంగా ఎక్కితే అది గొప్ప సంగతి. ఎక్కిన మెట్టు జారిపోకుండా ఉంటే ఇంకా గొప్ప.

మీది బాలానగర్‌లోనో, జీడిమెట్లలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో చిన్న యూనిట్ అయితే, బయటి సాయం కూడా ఉంది. కేంద్ర ఎంఎస్ఎంఈ మంత్రిత్వ శాఖ 2023 మార్చిలో కొత్త రూపంలో ప్రారంభించిన లీన్ పథకంలో బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు స్థాయిలున్నాయి. కన్సల్టెంట్ల సాయానికయ్యే ఖర్చులో 90 శాతం దాకా కేంద్రమే భరిస్తుందని ఆ పథకం చెబుతోంది. కన్సల్టెంటు వచ్చేలోగా మీ ఏడు మార్కులు మీ దగ్గర సిద్ధంగా ఉంటే, ఆయన మొదటి రోజు నుంచే అసలు సమస్య మీద పని చేస్తాడు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఈ కొలతలన్నీ మనుషుల్ని పరుగులు పెట్టించడానికి కాదు. ఎదగని సెల్‌లో రోజూ ఓవర్‌టైమ్ చేసేదీ, స్పానర్ కోసం తిరిగేదీ, ఎవరో చేసిన తప్పుకు మాట పడేదీ ఆపరేటరే. సెల్ ఒక్క మెట్టు ఎక్కినా ముందుగా సుఖపడేది ఆ మనిషే. కాబట్టి మార్కు తక్కువ వస్తుందేమోనని వెనకాడకండి. ఒకటి వచ్చినా సరే, అది నిజమైన ఒకటి అయితే రెండుకు దారి దొరుకుతుంది. రేపు పొద్దున షిఫ్ట్ మొదలవగానే ఒక సెల్ ఎంచుకోండి, టాక్ట్ టైమ్ లెక్క వేయండి, నోటుపుస్తకం పట్టుకుని ఒక గంట నిలబడండి. మిగతాదంతా అక్కడి నుంచే మొదలవుతుంది.